వేసిన రంగు, తీసేసిన రంగు: గాయ్‌తోండే కాన్వాస్ ఎలా పనిచేస్తుంది

క్లుప్తంగా: వి.ఎస్. గాయ్‌తోండే చిత్రాల్లో బొమ్మ ఉండదు, కథ ఉండదు. ఉండేవి పొరలు. ఒక పొర వేయడం, అది ఆరేదాకా ఆగడం, వేసిన దాంట్లో కొంత ఎత్తేయడం, గీకేయడం, మళ్లీ వేయడం. వెలుగు ఆ పొరల్లోని వేర్వేరు లోతుల నుంచి తిరిగి వస్తుంది. చూసే కన్ను ఒకచోట నిలవకపోవడానికి కారణం అదే. ఫోన్‌లో తిరిగే ఫొటోలో ఈ పని దాదాపుగా కనిపించదు. ధర మీద జరిగే వాదన కూడా దీన్ని పక్కకి నెట్టేస్తోంది.

2025 సెప్టెంబరులో సాఫ్రన్‌ఆర్ట్ వేలంలో వాసుదేవ్ సంతు గాయ్‌తోండే 1970లో వేసిన ఒక పేరులేని కాన్వాస్ రూ.67.08 కోట్లకు అమ్ముడుపోయింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ చాలామందికి వచ్చే అనుమానం ఒకటే: అసలు ఇందులో ఏముంది? మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు. కాన్వాస్ నిండా పరుచుకున్న రంగు, అక్కడక్కడా చెరిగిపోయిన రాతలాంటి మచ్చలు. అంతే.

ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. దీనికి మామూలుగా దొరికే జవాబులు రెండూ నీరసమైనవే. ఒకటి, "అది ధ్యానం, అనుభూతి చెందాలి" అనేది. రెండోది, "అదంతా డబ్బున్నవాళ్ల ఆట" అనేది. మొదటిది చూసేవాళ్ల మీద భారం వేసి తప్పుకుంటుంది. రెండోది కాన్వాస్ వంక చూడకుండానే తీర్పు చెప్పేస్తుంది. ఈ రెండూ పక్కన పెట్టి, కాన్వాస్ మీద భౌతికంగా ఏం జరిగిందో చూస్తే ప్రశ్నకు చాలావరకు సమాధానం అక్కడే దొరుకుతుంది.

బొమ్మ నుంచి పొరల దాకా

గాయ్‌తోండే 1924లో నాగపూర్‌లో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1948లో చదువు ముగించారు. మొదట్లో ఆయన బొమ్మలు వేసినవారే. భారతీయ సూక్ష్మచిత్రాల గీత, యూరప్ చిత్రకారుడు పాల్ క్లే ప్రభావం ఆ తొలి పనిలో కనిపిస్తాయి. హుసేన్, రజా, సూజా ఉన్న ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపుతో కొంతకాలం కలిసి నడిచారు. 1950ల చివరికి ఆయన కాన్వాస్ మీంచి మనుషులూ వస్తువులూ తప్పుకున్నాయి. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లేనాటికే ఆ దారి ఖాయమైపోయింది. న్యూయార్క్ మోమా మ్యూజియం సేకరణలో ఉన్న ఆయన చిత్రం 1962 నాటిది. కాబట్టి "అమెరికా వెళ్లి, అక్కడి నైరూప్య చిత్రకారుడు రోత్కోను చూసి మారిపోయాడు" అని కొందరు చెప్పే కథ కాలక్రమానికి నిలవదు. న్యూయార్క్ ఆయనకు ధైర్యం ఇచ్చి ఉండొచ్చు గానీ, దారి మాత్రం బొంబాయిలోనే పడింది.

1971లో పద్మశ్రీ వచ్చింది. 1972లో ఢిల్లీకి మారారు. 1984లో జరిగిన ప్రమాదం తర్వాత కొన్నేళ్లు పెద్ద కాన్వాసుల జోలికి వెళ్లలేకపోయారు. 2001లో మరణించారు. జెన్ బౌద్ధం మీద, రమణ మహర్షి మాటల మీద ఆయనకున్న ఆసక్తి గురించి చాలామంది రాశారు. అది నిజమే కానీ, ఆయన చిత్రాల మీద వచ్చిన రాతల్లో ఈ ఆధ్యాత్మిక భాగం ఎక్కువైపోయి రంగు, నూనె, కాగితం, కత్తి అనే పనిముట్ల సంగతి వెనకబడింది. ఇక్కడ చూడాల్సింది ఆ రెండో సంగతి.

ఒకే పొర, మూడు ఫలితాలు

ఆయన ప్రధానంగా కుంచెతో గీయలేదు. రోలర్, పాలెట్ నైఫ్ (రంగు పరిచే, గీకే పలుచటి కత్తి), పత్రికల్లోంచి చింపిన కాగితం ముక్కలు ఆయన సాధనాలు. రంగు పూసిన కాన్వాస్ మీద చింపిన కాగితం పరిచి, అద్ది, పైకి లాగితే ఆ మేరకు రంగు కాగితంతో లేచి వస్తుంది. లేదా కాగితం మీదున్న రంగు కాన్వాస్‌కు అంటుకుంటుంది. చింపిన అంచు కత్తెరతో కోసినట్టు నున్నగా ఉండదు కాబట్టి మిగిలే ఆకారం తెగినట్టు కాక, చెరిగినట్టు కనిపిస్తుంది. లిపిలా అనిపించి చదవడానికి దొరకని ఆ మచ్చలు చాలావరకు ఇలా పుట్టినవే.

ఇందులో అసలు కిటుకు సమయం. ఆయిల్ రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, రసాయనికంగా మారి గట్టిపడుతుంది. పలుచటి పొర చేతికి అంటకుండా ఉండటానికే రోజులు పడుతుంది. లోపలిదాకా గట్టిపడటానికి నెలలు, మందంగా ఉంటే ఏళ్లు. అంటే ప్రతి పొరా తడి, జిగురు, గట్టి అనే మూడు దశలు దాటుతుంది. ఏ దశలో చేయి పెడితే ఫలితం దానికి తగ్గట్టు మారుతుంది.

తడి మీద రోలర్ నడిపితే పైరంగు, కింది రంగు కలిసిపోయి మూడో రంగు వస్తుంది. జిగురు దశలో కాగితం అద్ది లాగితే పొర సగంలో చిరుగుతుంది. కొంత కాగితంతో పోతుంది, కొంత మిగులుతుంది, మధ్యలో సన్నటి గట్టులాంటి అంచు లేస్తుంది. పూర్తిగా గట్టిపడ్డాక కత్తితో గీకితే ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే రంగు పోయి, గుంటల్లో ఉన్నది అలాగే ఉంటుంది. ఒకోచోట కాన్వాస్ నేత దారాలు కూడా బయటపడతాయి. ఆయన ఏడాదికి చాలా తక్కువ చిత్రాలు పూర్తిచేసేవారని పేరు. దానికి స్వభావం కొంత కారణమైతే, పదార్థం కూడా ఒక కారణం. నూనెను తొందరపెట్టడం కుదరదు.

ఇక్కడ యాదృచ్ఛికానికి ఎంత చోటు ఉంది? కాగితం లాగితే ఖచ్చితంగా ఏం మిగులుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. కానీ ఎప్పుడు లాగాలి, ఎంత నొక్కాలి, వచ్చినదాన్ని ఉంచాలా, మళ్లీ కప్పేయాలా అన్నవి పూర్తిగా చిత్రకారుడి నిర్ణయాలు. చేయి తిరిగిన పనికీ తోచినట్టు పులిమిన దానికీ తేడా ఈ నిర్ణయాల వరసలో ఉంటుంది.

వెలుగు లోపలికి వెళ్లి వచ్చే దారి

పాలెట్ (రంగులు కలిపే పలక) మీద రెండు రంగులు కలిపి పూయడం ఒక పద్ధతి. ఒక రంగు ఆరాక దాని మీద రెండోది పలుచగా వేయడం ఇంకో పద్ధతి. చూడటానికి రెండూ ఒకే రంగు ఇవ్వాలి కదా అనిపిస్తుంది. ఇవ్వవు. కలిపినప్పుడు రెండు రకాల రంగు రేణువులూ పక్కపక్కనే ఉండి వెలుగును అక్కడే చెదరగొడతాయి. ఫలితం చాలాసార్లు కొంచెం మట్టిగా ఉంటుంది. పలుచటి పారదర్శక పొర వేసినప్పుడు వెలుగు దాన్ని దాటి కిందికి వెళ్లి, అడుగున ఉన్న లేత పొరను తాకి, మళ్లీ అదే పొరగుండా పైకి వస్తుంది. ఒకే వడపోత రెండుసార్లు. అందుకే ఆ రంగు నిండుగా, లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. యూరప్ ఆయిల్ చిత్రకారులు గ్లేజింగ్ పేరుతో శతాబ్దాలుగా వాడిన సూత్రమే ఇది.

ఏ రంగు పారదర్శకంగా ఉంటుంది, ఏది కప్పేస్తుంది అన్నది వక్రీభవన గుణకం (ఒక పదార్థంలోకి వెళ్లేటప్పుడు వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. అవిసె నూనె గుణకం దాదాపు 1.48. అల్ట్రామెరీన్ నీలం 1.5 దగ్గర ఉంటుంది. తేడా దాదాపు లేదు కాబట్టి నూనెలో ఆ రేణువుల అంచుల దగ్గర వెలుగు పెద్దగా వంగదు, చెదరదు, దాటిపోతుంది. టైటానియం తెలుపు గుణకం 2.7 వరకు ఉంటుంది. అంత తేడా ఉంటే వెలుగు పైనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది, కింద ఏముందో తెలియదు. సుద్ద దీనికి మంచి ఉదాహరణ. గాలిలో తెల్లగా కనిపించే సుద్దపొడి నూనెలో కలిపితే సగం మాయమవుతుంది. దాని గుణకం దాదాపు 1.6, నూనెకు దగ్గర.

ఇప్పుడు గాయ్‌తోండే కాన్వాస్‌కు వస్తే, దగ్గరగా నిలబడి చూసినప్పుడు ఒకే అరచేతి వెడల్పులో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. ఒకచోట పలుచటి పొర కిందినుంచి వెచ్చటి రంగు తొంగిచూస్తుంది. పక్కనే మసకటి, పాలు కలిపినట్టున్న పొర దాన్ని సగం మూసేస్తుంది. ఆ పక్కన కాగితం ఎత్తేసిన చోట పై రెండు పొరలూ లేక అడుగు రంగు నేరుగా బయటపడుతుంది. పాత ఇంటి గోడకు పెచ్చులూడితే ఎన్నో ఏళ్ల కిందటి సున్నం రంగు బయటపడటం అందరూ చూసిందే. ఇక్కడ అది కాలం చేసిన పని కాదు, చిత్రకారుడు లెక్కచూసి చేసిన పని. కన్నుకు మాత్రం ఒకే దూరంలో ఉన్న కాన్వాస్ మీద మూడు నాలుగు లోతులు తగులుతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోలేక చూపు తిరుగుతూనే ఉంటుంది. "చిత్రం కదులుతోంది", "ఊపిరి తీస్తోంది" అని చూసినవాళ్లు అనే మాటల వెనక ఉన్న యంత్రాంగం ఇదే.

ఈ లోతు గీసిన లోతు కాదు. దృశ్యచిత్రంలో దూరాన్ని చూపడానికి కొండలు చిన్నగా, నీలంగా వేస్తారు. అది కంటికి చెప్పే అబద్ధం, అందమైనదే. పొరల లోతు మిల్లీమీటరులో చిన్న భాగమే అయినా నిజంగా అక్కడ ఉన్నది.

గరుకూ నునుపూ

టెక్స్చర్ (ఉపరితలపు గరుకుదనం) అనగానే రంగు ముద్దలుగా పెట్టడమే గుర్తొస్తుంది. గాయ్‌తోండే దగ్గర అది చాలా అణకువగా ఉంటుంది. సన్నటి గట్లు, గీకిన గీతలు, రోలర్ విడిచిన చుక్కలు. ఇవి రెండు పనులు చేస్తాయి. మొదటిది, నీడ. పక్కనుంచి పడే వెలుగులో ప్రతి గట్టుకూ ఒక వెంట్రుక మందపు నీడ ఏర్పడుతుంది. కిటికీ దగ్గర చిత్రం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండటానికి ఇది ఒక కారణం. రెండోది, తర్వాత వేసే రంగుకు దారి చూపడం. ఆరిన గట్ల మీద తక్కువ రంగుతో రోలర్ నడిపితే శిఖరాలకే రంగు అంటుతుంది, లోయలు పాత రంగుతోనే మిగులుతాయి. అలా గరుకుదనమే రంగును విడదీస్తుంది. రంగు, టెక్స్చర్ వేర్వేరు విషయాలుగా చెప్పుకోవడం మాటల సౌలభ్యం కోసమే. కాన్వాస్ మీద అవి ఒకే పనికి రెండు వైపులు.

మెరుపు సంగతి కూడా ఉంది. నూనె ఎక్కువున్న చోటు నిగనిగలాడుతుంది, రంగు ముదురుగా కనిపిస్తుంది. నూనె తక్కువున్న చోటు పొడిబారినట్టు ఉండి, అదే రంగు లేతగా కనిపిస్తుంది. చూసేవాళ్లు ఒక అడుగు పక్కకు జరిగితే మెరిసే చోట్లు మారిపోతాయి.

ఫొటో ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు తేలిగ్గానే అర్థమవుతుంది. చిత్రాలను ఫొటో తీసేవాళ్లు మెరుపు రాకుండా రెండు వైపుల నుంచి సమానంగా లైట్లు పెడతారు. నీడలు పోతాయి. మెరుపు తేడాలు పోతాయి. నిలువెత్తు కాన్వాస్ అరచేతిలోకి కుదించుకుపోతుంది, సన్నటి అంచులు కలిసిపోతాయి. మిగిలేది సగటు రంగు. ఆ సగటు రంగు చూసి "ఇందులో ఏముంది" అనిపించడం సహజం. నిజంగానే ఆ ఫొటోలో పెద్దగా ఏమీ లేదు. ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలోనూ, ముంబైలో హోమీ భాభా చొరవతో మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ సేకరణలోనూ ఆయన చిత్రాలున్నాయి. ప్రదర్శనకు పెట్టినప్పుడు ఎదురుగా కంటే కొంచెం పక్కనుంచి చూస్తే పొరలు ముందుగా దొరుకుతాయి.

మిగతావాళ్లు పొరలతో ఏం చేశారు

పొరలు వేసినవాళ్లందరూ ఒకే పని చేయలేదు. మార్క్ రోత్కో రంగును బాగా పలుచన చేసి, పొర మీద పొర పూశాడు. నూనెతోపాటు గుడ్డు, డమ్మార్ రెసిన్ (ఒక రకం చెట్టు బంక) లాంటివి కూడా వాడినట్టు పరీక్షల్లో తేలింది. అంచులు మసకబారి రంగు గాలిలో తేలినట్టు ఉంటుంది. అక్కడ తీసేయడం తక్కువ, కలపడమే ఎక్కువ. గాయ్‌తోండేను "భారతీయ రోత్కో" అనడం ఇందుకే కుదరదు. రెండు చోట్లా పెద్ద రంగు మైదానం ఉందన్నది పైపై పోలిక. చేతి పని దాదాపు ఎదురెదురు.

జర్మనీ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 1980ల నుంచి వేసిన నైరూప్య చిత్రాలు పద్ధతిలో ఇంకొంచెం దగ్గర. తడి రంగుల మీద మనిషెత్తు పలకను ఈడ్చుకుంటూ పోయేవాడు. పైపొర చిరిగి కిందివి బయటపడేవి. అక్కడ కూడా తీసేయడమే చిత్రం. కానీ ఆ ఈడ్పు వేగం, ధాటి చూసేవాళ్లకు వెంటనే తెలుస్తాయి. గాయ్‌తోండే కాన్వాస్ చేసిన శ్రమను దాచేస్తుంది, అదంతా దానంతట అదే ఏర్పడిందేమో అనిపిస్తుంది.

స్పెయిన్ చిత్రకారుడు ఆంటోనీ తాపియెస్ రంగులో పాలరాతి పొడి, ఇసుక కలిపి కాన్వాస్‌ను గోడలా చేశాడు. అక్కడ టెక్స్చర్‌దే పెత్తనం, రంగు దాని వెనక నడుస్తుంది. పూర్తిగా రెండో చివర అమెరికా చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ ఉంది. 1952లో ఆమె పలుచన చేసిన ఆయిల్ రంగును ప్రైమర్ (రంగు ఇంకకుండా ముందుగా వేసే పూత) వేయని బట్ట మీద పోసింది. రంగు బట్టలోకి ఇంకిపోయింది, పొర అన్నదే మిగల్లేదు. మన దేశంలోనే రామ్ కుమార్ 1960 తర్వాత వేసిన వారణాసి చిత్రాల్లో కత్తితో పరిచిన పలకల్లాంటి పొరలున్నాయి. కానీ వాటి వెనక ఒక ఊరు, ఘాట్లు, నది ఉన్నాయి. గాయ్‌తోండే పొరల వెనక ఇంకో పొర తప్ప ఏమీ ఉండదు.

ధర సంగతి

2013లో ముంబైలో క్రిస్టీస్ వేలంలో ఆయన చిత్రం రూ.23.7 కోట్లు పలికింది. 2015లో ఇంకొకటి రూ.29.3 కోట్లు, 2021లో మరొకటి దాదాపు రూ.40 కోట్లు, 2025లో రూ.67 కోట్లు. మధ్యలో 2014 అక్టోబరు నుంచి 2015 ఫిబ్రవరి దాకా న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన పని మీద పెద్ద ప్రదర్శన జరిగింది. తక్కువ సంఖ్యలో ఉన్న చిత్రాలు, చనిపోయిన చిత్రకారుడు, పేరున్న మ్యూజియం ముద్ర, పెరిగిన కొనుగోలుదారులు. ధర ఇంతగా పెరగడానికి ఇవి చాలు. పొరలు బాగున్నాయి కాబట్టి ఇంత ధర అనడం తప్పు, ఇంత ధర కాబట్టి పొరల్లో ఏదో ఉండితీరాలి అనడం అంతకంటే పెద్ద తప్పు. ఈ రెండు లెక్కలూ వేరు.

ధర వల్ల పడే ప్రభావం ఒకటి మాత్రం కాన్వాస్ దాకా వస్తుంది. ధర పెరిగేకొద్దీ నకిలీల భయం పెరుగుతుంది. పైకి కనిపించే రంగును అనుకరించడం కష్టం కాదు, వరసను అనుకరించడమే కష్టం. అంచు దగ్గర ఆవగింజలో పదోవంతు ముక్క తీసి అడ్డకోతలో మైక్రోస్కోప్ కింద పెడితే పొరలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఏది ఆరాక ఏది వేశారో కూడా చాలాసార్లు తెలుస్తుంది. తొందరగా చేసిన నకలులో అన్ని పొరలూ ఒకే వారంలో వేసినట్టు ఉంటాయి.

పొరలకు వయసొస్తే

పొరల చిత్రం చెడిపోతే బాగుచేయడం ఎంత కష్టమో రోత్కో అనుభవం చెబుతోంది. 2012 అక్టోబరులో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో ఆయన చిత్రం మీద ఒకరు సిరాతో రాశారు. పైన వార్నిష్ లేదు, సిరా పొరల్లోకి ఇంకింది. ఒక్కో పొరలో ఒక్కో పదార్థం ఉండటంతో సిరాను కరిగించే ద్రావకం కింది రంగును కూడా కరిగించే ప్రమాదం ఉంది. అదే పదార్థాలతో నమూనా చేసి, దానిమీద ద్రావకాలు పరీక్షించి, చివరికి 2014 మేలో చిత్రాన్ని తిరిగి గోడకెక్కించారు. ఏడాదిన్నర పట్టింది. హార్వర్డ్‌లో ఆయన వేసిన పెద్ద చిత్రాలు ఇంకో రకంగా దెబ్బతిన్నాయి. వాటిలో వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు రంగు ఎండకు వెలిసిపోయింది. మళ్లీ రంగు పూస్తే పొరలు శాశ్వతంగా పోతాయి కాబట్టి, 2014లో ప్రొజెక్టర్‌తో వెలుగు వేసి పోయిన రంగును కంటికి చూపించారు. లైట్ ఆపేస్తే చిత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

మన వాతావరణంలో ఇబ్బంది తేమతో. వానాకాలంలో బట్ట, చెక్క ఫ్రేము తేమ పీల్చుకుని కదులుతాయి, ఎండాకాలంలో మళ్లీ కదులుతాయి. గట్టిపడిన నూనె పొర అంతగా సాగదు. నూనె తక్కువున్న పొర మీద నూనె ఎక్కువున్న పొర వేయాలని చిత్రకారులు నేర్చుకునే నియమం ఇందుకే. వరస తిరగబడితే, కింది పొర ఇంకా కదులుతుండగానే పైది గట్టిపడి పగుళ్లు తీస్తుంది. ఎత్తేసి, గీకేసి, మళ్లీ వేసిన కాన్వాస్‌లో ప్రతి చదరపు అంగుళానికీ పొరల వరస వేరు. ఒక మూలకు సరిపోయిన చికిత్స పక్కనే సరిపోకపోవచ్చు.

ఇంకో మార్పు మెల్లగా, ఎవరూ ఆపలేనిది. వయసు పెరిగేకొద్దీ అవిసె నూనె వక్రీభవన గుణకం కొంచెం పెరిగి, రంగు రేణువుల గుణకానికి దగ్గరవుతుంది. పొరలు ఇంకొంచెం పారదర్శకమవుతాయి. యూరప్‌లో పాత చిత్రాల్లో చిత్రకారుడు కప్పేసిన తొలి గీతలు శతాబ్దాల తర్వాత బయటపడటానికి ఇది ఒక కారణం. 1970లో మూసిన పొర ఈనాడు కాస్త తక్కువగా మూసి ఉండొచ్చు. ఎంత అన్నది కొలిస్తేనే తెలుస్తుంది, కొలవాలంటే పాత కొలత ఉండాలి. అందుకే గాయ్‌తోండే చిత్రాలున్న సంస్థలు, కోట్లు పోసి కొన్నవాళ్లు బీమా పత్రాలతో సరిపెట్టుకోకుండా, పక్క వెలుగులో తీసిన ఫొటోలు, పొరల అడ్డకోతల వివరాలు, మెరుపు కొలతలు ఇప్పుడే నమోదు చేసిపెట్టాలి. రిపేరు చేతులు పడ్డాక ఏది గాయ్‌తోండే తీసేసిన రంగు, ఏది తర్వాత రాలిపోయిన రంగు అన్నది విడదీయడం చాలా కష్టమవుతుంది.